జూనీ ఒంటిపూట బడి

మా చెల్లెలు జూనీకి చదవడం రాదన్న సంగతి మూడేళ్లపాటు ఇద్దరికే తెలుసు. జూనీకీ, నాకూ.

అప్పుడు దానికి తొమ్మిదేళ్లు, నాకు పన్నెండు. మా నాన్న వెండెల్ ప్రూయిట్ అమెరికా వైమానిక దళంలో యుద్ధ విమానాల మెకానిక్. రెండువేల ఆరులో మేం జపాన్ ఉత్తరాన ఉన్న వైమానిక బేస్‌లో ఉన్నాం. లోపల క్వార్టర్స్ ఖాళీ లేక, గేటు దాటి పదిహేను నిమిషాలు పోతే వచ్చే వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ పక్కింట్లోనే ఉండేవారు. కుదో గారని, డెబ్బై ఏళ్ల మనిషి.

మేమిద్దరం బడికి వెళ్లేవాళ్లం కాదు. అమ్మే ఇంట్లో చెప్పేది. దీని వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. నేను మూడో తరగతి పూర్తిచేసేలోపు మూడు రాష్ట్రాల్లో నాలుగు బళ్లు మారాను. నాలుగు చోట్లా మొక్కల భాగాలు చెప్పారు. గుణకారం మాత్రం ఒక్కచోటా చెప్పలేదు. ఎక్కడికి వెళ్లినా అది పోయిన నెలలోనే అయిపోయిందనేవారు. అమ్మకు విసుగొచ్చి, "వీళ్లకంటే నేనే నయం" అని పుస్తకాలు తెప్పించింది. నిజంగానే నయం. అమ్మ చెప్పిన చరిత్ర నాకు ఇప్పటికీ తేదీలతో సహా గుర్తుంది.

వంటగదిలోని బల్లే మా బడి. ఎనిమిదిన్నరకు అమ్మ కిరోసిన్ హీటర్ వెలిగించేది, మేం పుస్తకాలు తెరిచేవాళ్లం. అప్పటికే నేను జూనీకి ఆరోజు పేజీ ఒకసారి చదివి వినిపించి ఉండేదాన్ని. పళ్లు తోముకునేటప్పుడో, పక్కలు సర్దేటప్పుడో. ఒక్కసారి వింటే దానికి పేజీ మొత్తం వచ్చేసేది. తర్వాత అమ్మ ముందు కూర్చుని, వరస కింద వేలు జరుపుకుంటూ గడగడా అప్పజెప్పేది. మధ్యలో కావాలని ఒకటి రెండు చోట్ల తడబడేది కూడా. అస్సలు తడబడకపోతే అమ్మకు అనుమానం వస్తుందని దాని తెలివి. పేజీ తిప్పాల్సిన చోట నేను దగ్గేదాన్ని.

ఇదంతా ఐడహోలో ఉన్నప్పుడు మొదలైంది. జూనీకి ఆరేళ్లు. పుస్తకం తీస్తే ఏడ్చేది, అది ఏడిస్తే పాఠం సాగేది, పాఠం సాగితే మాకు ఆడుకునే టైము పోయేది. ఒకరోజు నేను ముందే చదివి పెట్టాను. ఏడుపు లేదు, పదకొండుకే బయట ఉన్నాం. మర్నాడు కూడా అలాగే చేశాం. ఆ మర్నాడు కూడా. రహస్యం అనే పేరు దానికి మేమెప్పుడూ పెట్టలేదు.

ఆ జనవరిలో నాన్నను నాలుగు నెలలకని ఎడారిలో ఇంకో బేస్‌కు పంపారు. అదే నెలలో అమ్మ ఆల్జీబ్రా దగ్గర చేతులెత్తేసింది.

"ఈ అంకెలకీ అక్షరాలకీ పెళ్లి చేసిందెవరో గానీ, కాపురం నాకర్థం కావట్లేదు" అంది నాన్నతో, ఆయన సంచీ సర్దుకుంటుంటే.

"బేస్ స్కూల్లో అడుగు. ఇంట్లో చదివే పిల్లల్ని ఒకటి రెండు క్లాసులకు తీసుకుంటారు. మొత్తం చేరక్కర్లేదు."

"సగం నాకు, సగం వాళ్లకా? ఇదేం పంపకం?"

"లెక్కలు ఇచ్చెయ్ రోండా. నీకెలాగూ వాటి మీద ప్రేమ లేదుగా."

సందు దొరికింది కదా అని, అక్కడ బ్యాండ్ కూడా ఉంది, నేను క్లారినెట్ నేర్చుకుంటానన్నాను. అమ్మ నావైపు చూసి, "రెండే. మూడోది అడిగావంటే రెండూ పోతాయి" అంది.

అలా పొద్దున ఇంటి బడి, పన్నెండున్నర నుంచి బేస్ బడి అయ్యింది. ఇళ్లల్లో పిల్లలకు చదువు చెప్పుకునే తల్లులందరూ మంగళవారాలు చర్చి హాల్లో కలిసేవారు. వాళ్లలో గేల్ స్ట్రౌడ్ అనే ఆవిడకు ఐదుగురు పిల్లలు, ఐదుగురికీ తనే పాఠాలు. అమ్మ సంగతి విని ఆవిడ, "ఈవేళ లెక్కలు, రేపు సైన్సు, ఎల్లుండి పిల్లనే ఇచ్చేసి వస్తావు" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది గానీ, కారు ఎక్కాక తలుపు కొంచెం గట్టిగా వేసింది.

నాకు ఆ బడి నచ్చింది. ఎంత నచ్చిందో ఇంట్లో చెప్పలేదు. క్లారినెట్ నా చేతిలో మొదటి పది రోజులు బాతులా అరిచి, పదకొండో రోజు పాడింది. బ్యాండ్ మాస్టారు, "ప్రూయిట్, ఇంకోసారి" అన్నారు. అక్కడ నేను ఎవరికీ ముందే చదివి పెట్టక్కర్లేదు, ఎవరి కోసమూ దగ్గక్కర్లేదు.

నేను వెళ్లాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోందని అమ్మ జూనీ చదువు గంటను మధ్యాహ్నానికి మార్చింది. అదొక్కటి మేం ఊహించలేదు. పేజీ తిప్పాల్సిన చోట దగ్గడానికి నేను ఉండను. ఇక జూనీకి రోజుకో జబ్బు. సోమవారం గొంతు నొప్పి, మంగళవారం కడుపు నొప్పి. బుధవారం, "నువ్వు చదువమ్మా, నేను బొమ్మ వేస్తా. అప్పుడు నాకు బాగా గుర్తుంటుంది" అంది. అమ్మకు అది కూడా బాగానే అనిపించింది. అనిపించకపోవడానికి కారణం లేదు. జూనీ మొద్దు పిల్ల కాదు. కుదో గారి దగ్గర పిల్లల ఆట ముక్కలు ఉండేవి, ఒక్కో ముక్క మీద ఒక్కో జపాను అక్షరం. వాటితో ఆడి ఆడి ఆ శరదృతువులోనే జూనీ నలభై ఆరు అక్షరాలూ పట్టేసింది. కూరగాయల కొట్లో బోర్డుల మీద పేర్లు పైకి చదివేది. కొట్టువాడు చప్పట్లు కొట్టేవాడు. "మా చిన్నది జపానీ చదువుతుంది" అని అమ్మ చర్చి హాల్లో చెప్పుకునేది. అలాంటి పిల్లకు ఇంగ్లీషు రాదని ఏ తల్లి అనుకుంటుంది?

ఫిబ్రవరి మొదటి వారంలో నాన్న దగ్గర్నుంచి కవరు వచ్చింది. లోపల మూడు ఉత్తరాలు, మూడు పేర్లతో. విషయం ఒకటే. వచ్చే వేసవితో ఇక్కడి గడువు అయిపోతుంది. టెక్సస్‌లో కొత్తవాళ్లకు పని నేర్పే ఉద్యోగం ఒకటి వస్తోంది. లేదంటే ఇక్కడే ఇంకో రెండేళ్లు ఉండొచ్చు. ఏది కావాలో ముగ్గురూ విడివిడిగా రాయండి, ఒకరి ఉత్తరం ఒకరు చూసుకోవద్దు, నాకు ఓటు లేదు అని రాశాడు.

అమ్మ తన ఉత్తరం నిలబడే చదివింది. అమ్మ ఏం రాస్తుందో అడగక్కర్లేదు. పెద్దమ్మ ఉండేది టెక్సస్‌లోనే. నవంబరు నుంచి మంచు ఎత్తిపోసి ఎత్తిపోసి అమ్మ అరచేతులు గట్టిపడ్డాయి. నేను పది నిమిషాల్లో రాసేశాను. ఇక్కడే ఉందాం అని.

జూనీ తన ఉత్తరంతో నా గదిలోకి వచ్చింది. "ఏముందో చెప్పు."

నేను క్లారినెట్ పెట్టె మూస్తున్నాను. వచ్చేనెల కచేరీ ఉంది, సాయంత్రాలు కూడా ప్రాక్టీసు. "రేపు" అన్నాను.

మర్నాడు మళ్లీ వచ్చింది. బయట అమ్మ కారు హారన్ కొడుతోంది.

"షెల్బీ, ఎనిమిది లైన్లే. చదివెయ్."

"ఎవరి ఉత్తరం వాళ్లే చదవాలట. నాన్న ఆర్డరు" అన్నాను నవ్వుతూ. హాస్యానికే అన్నాను. అది నవ్వలేదు. ఉత్తరాన్ని ఎనిమిది మడతలు పెట్టి ప్యాంటు జేబులో దోపుకుంది. ఆ తర్వాత అడగలేదు. నేను మర్చిపోయానంటే అబద్ధం. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ప్రాక్టీసు కూడా గుర్తొచ్చేది.

నాన్నకు పంపడానికి అమ్మ మా జవాబులు అడిగినప్పుడు, జూనీ అంటించేసిన కవరు ఇచ్చింది. ఏం రాశావని అమ్మ అడగలేదు. నాన్న వద్దన్నాడుగా.

నెలాఖరు శనివారం మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. అక్కడ ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలే ఇచ్చేవారు. అందరికీ వినబడాలని అమ్మ ఫోన్‌ను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. బయట తెల్లగా కురుస్తోంది. బల్ల మీద బీన్స్ సూపు, మొక్కజొన్న రొట్టె.

"ఉత్తరాలు చేరాయి" అన్నాడు నాన్న. "ఒకటి ఇటు, ఒకటి అటు. ఎవరిదేదో చెప్పను. జూనీ, నువ్వు గీసి పంపిన మంచుబొమ్మ బ్రహ్మాండం. మావాళ్లందరూ చూశారు. కానీ నా ప్రశ్నకు జవాబేదే?"

"చెప్పాగా" అంది జూనీ.

"ఎక్కడ?"

"అవును. అవును అనే."

నాన్న నవ్వాడు. "రెండిట్లో ఏది కావాలని అడిగితే అవునంటావేంటి?"

"రెండూ."

అప్పుడే మా నెత్తి మీదుగా విమానం లేచింది. దాని వెనక ఇంకోటి. అవి పోయేదాకా ఎవరం మాట్లాడలేదు, ఆ వీధిలో అందరికీ అదే అలవాటు. ఆ అర నిమిషంలో అమ్మ చెంచా కింద పెట్టడం చూశాను.

"జూనీ" అంది అమ్మ, చప్పుడు తగ్గాక. "నాన్న ఉత్తరం తీసుకురా. అందులో ఏముందో నాన్నకు చదివి వినిపించు."

జూనీ జేబులోంచే తీసింది. మడతల దగ్గర కాగితం మెత్తబడిపోయింది. దాన్ని బల్ల మీద పరిచి, మొదటి వరస కింద వేలు పెట్టింది.

"ప్రియమైన జూనీ" అంది.

తర్వాత తలెత్తి నావైపు చూసింది.

నేను ఏదో ఒకటి అనొచ్చు. దానికి గొంతు బాలేదు, నేను చదువుతానని అనొచ్చు. మూడేళ్లలో అలాంటివి వంద అన్నాను. నేను నా సూపు గిన్నెలోకి చూశాను.

జూనీ వేలు అక్కడే ఉంది. ఫోన్లో ఇసుక రాలుతున్నట్టు సన్నగా చప్పుడు.

"హలో?" అన్నాడు నాన్న. "లైను పోయిందా?"

"లేదు" అంది అమ్మ. "లైను ఉంది. వెండెల్, నువ్వు మళ్లీ చెయ్యి."

ఫోన్ పెట్టేసి, బూట్లు వేసుకుని, పార తీసుకుని బయటికి వెళ్లింది. పొద్దున్నే తీసిన దారిని మళ్లీ మొదటి నుంచి తీసింది. అది అయ్యాక కుదో గారి గుమ్మం దాకా తీసింది. ఆవిడ తలుపు తెరిచి చూసి, ఏమనుకున్నారో ఏమో, ఒకసారి వంగి దండం పెట్టి తలుపు వేసేసుకున్నారు.

అమ్మ లోపలికి వచ్చేసరికి చెంపలు ఎర్రగా ఉన్నాయి. కోటు విప్పకుండానే జూనీ పాఠం పుస్తకం తీసి, ఎప్పుడూ తెరవని చివరి పేజీల్లో ఒకచోట తెరిచింది. "ఇది చదువు బంగారం. నీకు వచ్చినంత."

జూనీ వెతుక్కుని వెతుక్కుని ఐదో ఆరో మాటలు చదివింది. అన్నీ రెండక్షరాలవే. అమ్మ పుస్తకం నెమ్మదిగా మూసి, నావైపు తిరిగింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఐడహో నుంచి."

"ఐడహో నుంచా." పుస్తకం బల్ల మీద పెట్టింది. "నువ్వు దగ్గేదానివి. చలి పడట్లేదని నేను నీకు తేనె తాగించేదాన్ని."

తిట్టి ఉంటే బాగుండేది. సూపు గిన్నెలు తీసి, ఉన్నది ఉన్నట్టు వండిన కుండలోకి తిరిగి పోసేసింది.

జూనీ ఆ సాయంత్రం నుంచి నాతో మాట్లాడడం మానేసింది. పోట్లాట కాదు, అలక కాదు. ఉప్పు అందించమంటే అందించేది. మాట మాత్రం లేదు.

సోమవారం పొద్దున మా బడి పెట్టలేదు. అమ్మ మమ్మల్ని ఎక్కించుకుని తిన్నగా బేస్ స్కూలుకు వెళ్లింది. చదవడం కష్టమైన పిల్లల్ని చూసే టీచరు మిసెస్ డిజోన్ ఉండేది చిన్నపిల్లల బడిలో, లైబ్రరీ పక్క గదిలో. మనిషి పొట్టి, గొంతు మెత్తన. రెండు రోజులు జూనీకి రకరకాల పరీక్షలు పెట్టింది. బుధవారం అమ్మను పిలిచింది. జూనీ లైబ్రరీలో బొమ్మల పుస్తకం చూస్తోంది. నేను బయట బెంచీ మీద ఉన్నాను, తలుపు తీసే ఉంది.

"పిల్ల చాలా తెలివైనదండి. విన్నది వదలదు. అందుకే ఇంతకాలం నెట్టుకొచ్చింది. కాకపోతే అక్షరాన్నీ శబ్దాన్నీ జతపరచడంలో ఇబ్బంది ఉంది. చాలామందికి ఉంటుంది."

"జపాను అక్షరాలు చదువుతుంది కదండీ! నా కళ్లతో చూశాను."

"అక్కడ ఒక అక్షరానికి ఎప్పుడూ ఒకటే శబ్దం. ఆడించి నేర్పితే పట్టేసింది. మన ఇంగ్లీషులో ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది, కొన్నిచోట్ల అసలు పలకదు. అక్కడే మీ అమ్మాయి దారి తప్పుతోంది."

అమ్మ, "నేను ఇంట్లో చెప్పడం వల్లనా?" అంది.

"దానివల్ల రాలేదు. బళ్లో కూర్చున్న పిల్లలకూ ఇది ఉంటుంది. కానీ..."

"కానీ ఏంటో చెప్పండి."

"బళ్లో అయితే ఎవరో ఒకరు రెండేళ్లు ముందే పట్టుకునేవారేమో."

"ఊఁ" అంది అమ్మ. "అబద్ధం చెప్పనందుకు థాంక్సండి."

మిసెస్ డిజోన్ పిల్లను పూర్తిగా బళ్లో చేర్చమంది. రోజంతా ఉంటే తొందరగా దారికొస్తుందని చెప్పింది. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"మేం వెళ్లిపోయే మనుషులమండి. ఏ రెండేళ్లకో కొత్త ఊరు, కొత్త బడి. అక్కడ మీలాంటివాళ్లు ఉంటారో ఉండరో. ఎక్కడికెళ్లినా దానితో ఉండేది నేను. మధ్యాహ్నాలు మీరు చెప్పండి, పొద్దున్న నేను చెప్తా. కానీ మీరెలా చెప్తారో నాకు రావాలి. నేను వెనక కూర్చోవచ్చా?"

"తల్లులు మామూలుగా కూర్చోరు."

"నేను మామూలుగా ఏడవనండి. ఈ వారం ఆ పని కూడా చేస్తున్నాను."

మిసెస్ డిజోన్ ఇంకో కుర్చీ తెప్పించింది.

మార్చి అంతా అలాగే గడిచింది. పన్నెండున్నరకు ముగ్గురం బయల్దేరేవాళ్లం. నేను పెద్దపిల్లల బడికి, వాళ్లిద్దరూ పక్క భవనానికి. అక్కడ జూనీ ఇసుక పోసిన పళ్లెంలో అక్షరం గీస్తూ దాని శబ్దం పలికేది. ఒక మాటలో ఎన్ని శబ్దాలున్నాయో వేళ్ల మీద విడదీసేది. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని అమ్మ నోట్సు రాసుకునేది. ఇంట్లో ఇసుక లేదు కాబట్టి రొట్టెల ట్రేలో మొక్కజొన్న పిండి పోసింది. పొద్దున పాఠం అయ్యాక వంటిల్లంతా పసుపు పచ్చ వేలిముద్రలు.

చర్చి హాల్లో గేల్ స్ట్రౌడ్ ఊరుకోలేదు. "నువ్వు కూడా బళ్లో చేరావట కదా రోండా! ఏ క్లాసేంటి?"

"ఒకటో క్లాసు" అంది అమ్మ. "మార్కులు బాగానే వస్తున్నాయి."

గేల్ నవ్వబోయి ఆగిపోయింది. కాసేపటికి తనే అమ్మ పక్కన కూర్చుని, తన నాలుగోవాడి గురించి గొంతు తగ్గించి ఏదో అడిగింది. అమ్మ నోట్సు పుస్తకం తీసి చూపించడం కనిపించింది.

నా కచేరీ మార్చి మూడో వారంలో అయ్యింది. అమ్మా జూనీ ముందు వరసలో కూర్చున్నారు. జూనీ చప్పట్లు కొట్టింది, మర్యాదకు ఎంత కొట్టాలో అంత.

నాన్న పైవాళ్లకు జవాబు చెప్పాల్సిన గడువు నెలాఖరు. ఆ వారంలో ఒకరోజు భోజనాల దగ్గర అమ్మ, "జూనీ, నీ ఓటు ఇంకా మిగిలే ఉంది" అంది. "చదివి వెయ్యి. కష్టమైన మాట దగ్గర నేను ఉంటా."

నాన్న జూనీకి ఎప్పుడూ పెద్ద పెద్ద అక్షరాలతో, చిన్న చిన్న మాటలతో రాసేవాడు. అయినా నాలుగు రోజులు పట్టింది. రోజుకు రెండు వరసలు. జూనీ వేళ్ల మీద శబ్దాలు విడదీసి, మళ్లీ కలిపి, కలిసిన మాట ఏమిటో తనే విని ఆశ్చర్యపోయేది. నేను అదే బల్ల దగ్గర ఆల్జీబ్రా చేసుకుంటూ నోరు మూసుకుని కూర్చున్నాను. తెలిసిన మాట పక్కవాళ్లు వెతుక్కుంటుంటే చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

నాలుగో రోజు చివరి వరసకు వచ్చింది. "టెక్సస్‌లో... అయితే... నేను... మిమ్మల్ని... వదిలి... ఎక్కడికీ... వెళ్ల... వెళ్లక్కర్లేదు."

మళ్లీ మొదటి నుంచి ఆ వరస చదివింది, ఈసారి కొంచెం తొందరగా. కాగితం కింద పెట్టి నావైపు తిరిగింది.

"నీ ఉత్తరంలో కూడా ఉందా ఈ మాట?"

నెల రోజుల తర్వాత అది నాతో అన్న మొదటి మాట అదే.

"ఉంది" అన్నాను.

"చదివే రాశావా, ఇక్కడే ఉందామని?"

"చదివే రాశాను."

అది తల ఊపింది. కోపం కూడా లేదు, కొత్త సంగతి ఒకటి తెలుసుకున్నట్టు ఊపింది. అమ్మ వైపు తిరిగి, "నాది టెక్సస్" అంది.

అమ్మ రొట్టె ముక్కను తుంచుతూ, "సరే. నీ ఓటు నాన్నకు రాస్తా" అంది. "కానీ మనం ఇక్కడే ఉంటున్నాం. నా ఓటు మార్చుకున్నాను. మిసెస్ డిజోన్ ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటుంది. నిన్న ఫోన్ చేసినప్పుడు నాన్నకు చెప్పేశాను."

జూనీ నోరు తెరిచింది. "మరి నన్ను అడగడం దేనికి?"

"నీ ఓటు నీదే కాబట్టి అడిగాను. ఓడిపోయావు. అంతే."

"ఇది అన్యాయం!"

"అవును" అంది అమ్మ.

జూనీ కుర్చీ వెనక్కు నెట్టి వెళ్లిపోయింది. అమ్మ రొట్టెను తుంచుతూనే ఉంది, తినడం లేదు. పెద్దమ్మ ఇంటికి దగ్గర్లో అద్దెకు దొరికే ఇళ్ల ఫొటోలు ఫిబ్రవరి నుంచి అల్మరా తలుపుకు అంటించి ఉండేవి. మర్నాడు పొద్దున చూస్తే లేవు. నేను వాటి సంగతి ఎత్తలేదు.

ఆ నిర్ణయానికి ఏం ఖరీదు పడిందో తర్వాత తెలిసింది. టెక్సస్ ఉద్యోగం నాన్న స్నేహితుడికి వెళ్లింది. మరుసటి చలికాలం నాన్నను మళ్లీ ఎడారికి పంపారు, ఈసారి ఆరు నెలలు. జూన్‌లో మిసెస్ డిజోన్ పెట్టిన పరీక్షలో జూనీ రెండో తరగతి పిల్లలంత చదివింది, ఇంకా రెండేళ్లు వెనకే. అమ్మ ఆ కాగితం చూసి, "సున్నా నుంచి రెండుకు వచ్చింది, నాలుగు నెలల్లో" అంది. అలా లెక్క కడితే అది పెద్ద దూరమే.

అంతకుముందు, ఆ మే రెండో వారంలో నాన్న తిరిగొచ్చాడు. రోడ్ల పక్కన మాసిపోయిన మంచు గుట్టలు కూడా కరిగిపోయి, కుదో గారి తోటలో ఆపిల్ చెట్లు పూశాయి. విమానాలు నిలిపే హ్యాంగర్ నిండా కుటుంబాలు, అట్టల మీద స్వాగతాలు. మా అట్ట జూనీ ఒక్కతే రాసింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మూడు మాటల్లో రెండు తప్పులున్నాయి. అమ్మ చూసింది, నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. నేను చూసి, అట్ట రెండో కొస పట్టుకున్నాను.

నాన్న సన్నబడ్డాడు, మెడ దగ్గర నల్లబడ్డాడు. సంచీ కింద పడేసి, ముందు అట్ట చదివాడు. పైకే చదివాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే" అంది జూనీ. తర్వాత ఊపిరి తీసుకోకుండా, "నేను టెక్సస్ అన్నాను నాన్నా. వీళ్లిద్దరూ నెగ్గనివ్వలేదు" అంది.

"విన్నాను" అన్నాడు నాన్న. దాన్ని ఎత్తుకున్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల, కాళ్లు ఆయన మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. అమ్మ ఆ ఇద్దరి మీదా చేయి వేసింది. నేను అట్ట పట్టుకునే నిలబడ్డాను, అమ్మ రెండో చేత్తో లాక్కునేదాకా.

ఇంటికి వెళ్లేటప్పుడు అమ్మ కారు నడిపింది, నాన్న పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో నేనూ జూనీ. నాన్న చేతిసంచీ ఒకటి డిక్కీలో పట్టలేదు, జూనీ చేతిలో పెట్టారు. పెద్ద సంచీ, ఇసుక వాసన వేస్తోంది. మా ఇద్దరి మధ్యా సీటు ఖాళీగానే ఉంది. జూనీ ఆ ఖాళీ చూసింది, నన్ను చూసింది, మా మధ్య అడ్డుగా పెట్టకుండా సంచీని తన ఒళ్లోనే పెట్టుకుంది. ఇంటిదాకా అలాగే మోసుకుంటూ కూర్చుంది.